క్రిస్మస్ కానుకలు కుట్టే సామాను: ఏది నిలుస్తుంది, ఏది నిలవదు

చేత్తో కుట్టి ఇచ్చిన కానుక పండుగ రోజున ఎలాగూ అందరికీ నచ్చుతుంది. ఫిబ్రవరికల్లా అది ఎలా ఉందన్నదే అసలు సంగతి. వేడి పాత్రలు పట్టుకునే పాట్ హోల్డర్ రెండు ఉతుకులకే లోపల ముద్దకట్టినా, జిప్పు పౌచ్ మూలలు కుంగిపోయినా, ఏప్రాన్ మీద అతికించిన పేరు అంచులు లేచిపోయినా తప్పు పై గుడ్డది కాదు, దాదాపు ఎప్పుడూ లోపలి పొరదే. చెట్లు, నక్షత్రాలు అచ్చువేసిన గుడ్డను గంటసేపు వెతికి ఎంచుకుంటాం, లోపలికి మాత్రం చేతికందింది పెట్టేస్తాం. అందుకే ఈ సమీక్షలో ప్రింటు గుడ్డల ఊసు తక్కువ. వేడి ఆపే బ్యాటింగ్ (రెండు గుడ్డల మధ్య పెట్టే మెత్తటి పీచు పొర), ఇస్త్రీతో అతికే వెబ్ (పలచటి జిగురు పొర), ఫెల్ట్ (నేయకుండా పీచును ఒత్తి చేసిన గుడ్డ), ఇంటర్‌ఫేసింగ్ (గుడ్డ నిలబడేలా వెనక అతికించే పొర), దూది, దారం, సూది: వీటిలో ఏది ఏ కానుకకు సరిపోతుందో, ఎక్కడ చెడుతుందో, ఎందుకు చెడుతుందో చెప్పడమే ఇక్కడి పని.

వేడి ఆపే బ్యాటింగ్

కానుకలు కుట్టేవాళ్ళు చాలామంది మొదలుపెట్టేది పాట్ హోల్డర్‌తోనే. చిన్న చతురస్రం, మిగిలిపోయిన ముక్కలతో అయిపోతుంది, ఒక్క పూటలో మూడు నాలుగు పూర్తవుతాయి. తేలిక పనిలా కనిపిస్తుంది కానీ, వాడేవాళ్ళ చెయ్యి కాలే ప్రమాదం ఉన్న వస్తువు ఇది. సామాను విషయంలో అసలు రాజీ పడకూడనిది ఇక్కడే.

ఇన్సుల్‌బ్రైట్ ఈ పనికే తయారైన బ్యాటింగ్. చేసేది ది వార్మ్ కంపెనీ. మధ్యలో తళతళలాడే మెటలైజ్డ్ పాలియెస్టర్ పొర ఉంటుంది, దాని గుండా పాలియెస్టర్ పీచును సూదులతో గుచ్చి గట్టిచేస్తారు. కత్తిరించినా అంచులు విడిపోవు. మిషన్‌లో ఉతకవచ్చు. కుట్టేటప్పుడు సన్నగా కరకరమంటుంది, అది లోపం కాదు. తళుకు పొర వేడిని వెనక్కి తిప్పుతుంది, చుట్టూ ఉన్న పీచు వేడి దాటడాన్ని ఆలస్యం చేస్తుంది. చెప్పిన పనిని చెప్పినట్టు చేసే సరుకే.

చిక్కు వచ్చేది దాన్ని ఒక్కదాన్నే వాడినప్పుడు. రెండు నూలు గుడ్డల మధ్య ఒక్క ఇన్సుల్‌బ్రైట్ పొర పెట్టి కుడితే పాట్ హోల్డర్ పలచగా, చూడడానికి బాగుంటుంది, చేతికి మాత్రం వేడి తెలుస్తూనే ఉంటుంది. బరువైన వేడి పాత్రను ఎత్తేటప్పుడు వేళ్ళు గట్టిగా నొక్కుతాయి, ఆ నొక్కుడుకి పొరల్లోని గాలి బయటికి పోతుంది. నిజానికి వేడిని ఆపేది ఆ గాలే. కాబట్టి దానికి రెండు వైపులా నూలు బ్యాటింగ్ ఉండాలి. వరుస ఇది: నూలు గుడ్డ, నూలు బ్యాటింగ్, ఇన్సుల్‌బ్రైట్, నూలు బ్యాటింగ్, నూలు గుడ్డ. మొత్తం ఐదు పొరలు. నూలు బ్యాటింగ్ లేకపోతే పాత నూలు టవల్ ముక్క ఒక్కో వైపు ఒకటి పెట్టినా సరిపోతుంది.

మామూలు పాలియెస్టర్ బ్యాటింగ్‌ను మాత్రం దీనికి వాడవద్దు. పాలియెస్టర్ సుమారు 250 నుంచి 260 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, అంతకు ముందే మెత్తబడి అణిగిపోతుంది. ఓవెన్‌లోంచి అప్పుడే తీసిన ట్రే 220 డిగ్రీల్లో ఉండడం మామూలే. నాలుగైదు వాడకాల్లో పాలియెస్టర్ పొర ఉబ్బు పోయి, గట్టి అట్టలా మారుతుంది. నూలు కరగదు, మరీ కాలితే రంగు మారి మాడుతుంది. అందుకే వేడికి దగ్గరగా ఉండే ప్రతిదీ నూలుదే కావాలి, కుట్టే దారంతో సహా.

ఇంకో ముఖ్యమైన హద్దు ఉంది. ఇన్సుల్‌బ్రైట్‌లో లోహపు పూత ఉంది కాబట్టి అది మైక్రోవేవ్‌లోకి వెళ్ళకూడదు. గిన్నెతో పాటే మైక్రోవేవ్‌లో పెట్టే బౌల్ కోజీలు ఈమధ్య కానుకలుగా బాగా కుడుతున్నారు. వాటికీ పాట్ హోల్డర్లకూ ఒకటే బ్యాటింగ్ అనుకోవడం ప్రమాదకరం. బౌల్ కోజీలో గుడ్డ, బ్యాటింగ్, దారం మూడూ నూటికి నూరుపాళ్ళు నూలువే ఉండాలి. బంగారు పొడి అచ్చువేసిన క్రిస్మస్ ప్రింటు కూడా దానికి పనికిరాదు. బ్యాటింగ్ మీద నూలు అని పెద్దక్షరాలతో ఉన్నా, వెనకవైపు చిన్నక్షరాలు చదవాలి. కొన్ని నూలు బ్యాటింగుల్లో పీచు విడిపోకుండా పలచటి పాలీప్రొపిలీన్ జాలీ కలుపుతారు. మైక్రోవేవ్ పనికి అవీ వద్దు.

కుట్టే పద్ధతి విషయానికి వస్తే, పూర్తయ్యాక 20 సెం.మీ. చతురస్రం రావాలంటే పొరలన్నీ 23 సెం.మీ. కత్తిరించి, ముందు క్విల్టింగ్ (పొరలన్నిటినీ కలిపి గీతలుగా కుట్టడం) చేసి, తర్వాతే 20కి సరిచేయాలి. ఐదు పొరలు మిషన్ కింద కదులుతాయి, ముందే ఖచ్చితంగా కత్తిరిస్తే చివరికి మూలలు కలవవు. సూది 90/14, డెనిమ్ లేదా టవల్ కలిస్తే 100/16. కుట్టు పొడవు 3 నుంచి 3.5 మి.మీ. పై పొరనూ కింది పొరనూ కలిపి జరిపే వాకింగ్ ఫుట్ ఉంటే తప్పక పెట్టండి, లేకపోతే పై పొర ముందుకు జరిగి ముడతలు పడుతుంది. గీతలు నడిమి నుంచి అంచులకు వేయాలి, మధ్య 4 సెం.మీ. దూరం ఉంచాలి. గీతలు దగ్గర దగ్గరగా వేస్తే అందం పెరుగుతుందేమో గానీ లోపలి గాలి అంతా అణిగిపోయి, పెట్టిన బ్యాటింగ్ సగం వృథా అవుతుంది. ఈ తప్పు ఎంతో నైపుణ్యం ఉన్న క్విల్టర్లు కూడా చేస్తారు, చేతికి అలవాటైన దగ్గర కుట్టు అలా లాక్కెళుతుంది.

అంచుపట్టీకి 6.5 సెం.మీ. వెడల్పు ముక్కను సగానికి మడిచి వాడాలి. పొడవు నాలుగు వైపుల కొలతకు 25 సెం.మీ. కలిపి, అంటే ఇక్కడ 105 సెం.మీ. మూలలు గుండ్రం చేయాలనుకుంటే పట్టీని క్రాసులో, అంటే పోగులకు ఏటవాలుగా కత్తిరించాలి, నిలువు పోగు పట్టీ వంపు దగ్గర ముడుచుకుంటుంది. తగిలించే లూపును పట్టీ కుట్టు లోపలికి దూర్చి, అక్కడ ముందుకూ వెనక్కూ రెండుసార్లు కుట్టండి. కానుకతో ఒక చీటీ తప్పనిసరి: తడిగా ఉన్నప్పుడు వాడవద్దని. తడి గుడ్డలోంచి వేడి ఎంతో వేగంగా చేతికి చేరుతుంది, ఎన్ని పొరలున్నా సరే.

ఇస్త్రీతో అతికే వెబ్

ఏప్రాన్ జేబు మీద పేరు, సంచీ మీద చెట్టు బొమ్మ, దిండు గలీబు మీద నక్షత్రం: ఇలా గుడ్డ మీద గుడ్డ ముక్క అతికించి కుట్టే అప్లిక్ పనికి కాగితం వెనక ఉన్న జిగురు వెబ్ వాడతారు. హీట్ ఎన్ బాండ్, పెలాన్ వారి వండర్ అండర్, వ్లీజలైన్ వారి బాండావెబ్ అన్నీ ఈ కోవవే. ఇందులో హీట్ ఎన్ బాండ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అందులో ముఖ్యంగా లైట్, అల్ట్రాహోల్డ్ అని రెండు రకాలున్నాయి, తొందరలో ఒకదానికి బదులు ఇంకొకటి కొనడం చాలా మామూలు.

లైట్‌లో జిగురు పలచన. అతికించాక దాని మీద మిషన్‌తో కుట్టవచ్చు, కుట్టి తీరాలి కూడా. అల్ట్రాహోల్డ్‌లో జిగురు మందం, కుట్టు లేకుండా అంటించడానికే తయారైంది. దాని మీద సూది నడిపితే జిగురు సూదికి పట్టుకుని, కుట్లు తప్పిపోతాయి, దారం తెగుతుంది. సూది కంటిలో జిగట కనిపిస్తే మిషన్ తప్పేమీ లేదు, వెబ్ మార్చాలి. ఉతకని వస్తువులకు, అంటే గోడకు వేలాడే అలంకారాలకు అల్ట్రాహోల్డ్ బాగా పనిచేస్తుంది. ఏప్రాన్, టవల్, దిండు గలీబు లాంటి ఉతికే కానుకలకు లైట్ ఒక్కటే నా సలహా. అంటించిన జిగురు ఒక్కటే ఎన్నో ఉతుకులు ఆగదు, అంచు చుట్టూ కుట్టు దాన్ని పట్టుకోవాలి. మందపు జిగురు ఏప్రాన్ గుడ్డను అట్టలా బిగుసుకునేలా చేస్తుంది, అదో నష్టం.

వాడే వరుస ఇలా ఉండాలి. ముందు రెండు గుడ్డలనూ ఉతికి ఆరబెట్టండి, మెత్తదనం ఇచ్చే ద్రవం వేయకుండా. కొత్త గుడ్డ మీది గంజి, ఆ ద్రవం పూత రెండూ జిగురును పట్టనివ్వవు. అక్షరాలను వెబ్ కాగితం మీద అద్దంలో కనిపించినట్టు తిరగేసి గీయాలి. కాగితాన్ని గీతకు అర అంగుళం ఎడంగా కత్తిరించి, అప్లిక్ గుడ్డ వెనకవైపు ఇస్త్రీ పెట్టి అంటించాలి. పూర్తిగా చల్లారాక గీత మీద కత్తిరించాలి, కాగితం ఒలిచి, అసలు గుడ్డ మీద పెట్టి మళ్ళీ ఇస్త్రీ పెట్టాలి. ఇస్త్రీ పెట్టెను రుద్దకూడదు, ఎత్తి పెట్టి నొక్కాలి. రుద్దితే కరిగిన జిగురు మీద ముక్క జారిపోయి, కింద గాలి బుడగలు మిగులుతాయి. వేడి, క్షణాల లెక్క ప్యాకెట్ మీద ఉన్నట్టే పాటించండి. ఎక్కువ వేడి పెడితే ఎక్కువ అతుకుతుందనుకోవడం తప్పు. జిగురు మరీ కరిగి గుడ్డలోకి ఇంకిపోతే మధ్యలో పట్టుకోవడానికి ఏమీ మిగలదు. మర్నాటికి అంచులు లేచే ముక్కల్లో చాలావాటికి జరిగింది ఇదే.

తెలుగులో పేరు పెట్టేవాళ్ళకు ఒక మాట. కొమ్ములు, దీర్ఘాలు, గుడులు 5 మి.మీ. కన్నా సన్నగా కత్తిరిస్తే అంచు కుట్టు వేయడానికి చోటుండదు, పోగులు లేచిపోతాయి. అక్షరం ఎత్తు కనీసం 6 సెం.మీ. పెట్టుకుని, ఒత్తులను విడి ముక్కలుగా కాక అక్షరానికి కొద్దిగా తాకేలా గీయండి. విడిగా ఉన్న ఒత్తు ఇస్త్రీ కింద పక్కకు తిరిగిపోతుంది. సన్న భాగాలున్న పేరైతే అప్లిక్ మానేసి గొలుసు కుట్టు వేయడం మేలు. అంచుకు జిగ్‌జాగ్ వెడల్పు 2.5 మి.మీ., పొడవు 1 మి.మీ. చాలు. గుడ్డ వెనక చించేసే స్టెబిలైజర్ కాగితం పెడితే కుట్టు కింద ముడత రాదు.

ఫెల్ట్

చెట్టుకు వేలాడే బొమ్మలు, పుస్తకంలో పెట్టుకునే గుర్తులు, సూదుల పుస్తకాలు, వేలి బొమ్మలు అన్నిటికీ ఫెల్ట్ సులువు, ఎందుకంటే అంచులు మడవనక్కర లేదు. కానీ ఫెల్ట్ పేరుతో దొరికేవన్నీ ఒకటి కావు. పలచటి షీట్లుగా కట్టల్లో వచ్చేది యాక్రిలిక్ లేదా పాలియెస్టర్. పీచును సూదులతో గుచ్చి ఒత్తినది మాత్రమే కాబట్టి లాగితే సాగుతుంది, రాపిడికి ఉండలు కడుతుంది, వెలుతురుకి ఎత్తిపడితే చోట్ల చోట్ల పలచన కనిపిస్తుంది. ఉన్ని ఫెల్ట్ అలా కాదు. ఉన్ని పీచు మీద సన్నటి పొలుసులుంటాయి. వేడి, తడి, రాపిడి తగిలినప్పుడు అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఇక విడిపోవు. అందుకే కత్తెర పెట్టినచోట అంచు కోసినట్టు నిలుస్తుంది.

పిల్లలతో కలిసి నేర్చుకునే పనికి, ఒక్క సీజన్ వాడే అలంకారానికి సింథటిక్ షీట్ సరిపోతుంది. ఏటేటా పెట్టెలోంచి తీసి చెట్టుకు కట్టుకోవాలనుకునే బొమ్మకు, రోజూ చేత్తో ముట్టుకునే సూదుల పుస్తకానికి ఉన్నిదే వాడాలి. మధ్యస్థంగా ఉన్ని, రేయాన్ కలిపిన ఫెల్ట్ దొరుకుతుంది. ముడుచుకోకుండా, రంగులు ఎక్కువ రకాలుగా, కుట్టడానికి సుఖంగా ఉంటుంది. బొమ్మలకు 1 మి.మీ. మందం చాలు, కప్పు కింద పెట్టే కోస్టర్లకు 3 మి.మీ. కావాలి.

ఇస్త్రీ దగ్గర జాగ్రత్త. ఇస్త్రీ పెట్టె మీద ఒక చుక్క అంటే 110 డిగ్రీలు, రెండు చుక్కలు 150, మూడు చుక్కలు 200. సింథటిక్ ఫెల్ట్‌కు ఒక చుక్క దాటవద్దు, అదీ పైన గుడ్డ వేసి. మూడు చుక్కల మీద పెడితే ముడుచుకుని ఇస్త్రీ పెట్టెకు అంటుకుపోతుంది. ఉన్ని ఫెల్ట్‌కు రెండు చుక్కలు, పొడిగా. ఆవిరి కొడితే కొలత మారుతుంది. ఎర్ర ఉన్ని ఫెల్ట్ తెల్ల ఫెల్ట్ పక్కన కుట్టే ముందు తడి తెల్లగుడ్డతో ఒకసారి రుద్ది చూడండి. రంగు అంటితే ఆ రెండిటినీ కలపవద్దు, ఉన్ని ఫెల్ట్‌ను ఉతికి సరిచేయడం కుదరదు, కుంచించుకుపోతుంది.

కుట్టడానికి ఆరు పోగుల ఎంబ్రాయిడరీ దారంలో రెండు పోగులు తీసుకోండి. డీఎంసీ, యాంకర్ అనే రెండు బ్రాండ్లలోనూ ఒక చుట్ట 8 మీటర్లు, రంగు నిలకడలో రెండూ నమ్మదగ్గవే. దారం 45 సెం.మీ. కన్నా పొడవు పెట్టవద్దు, ఫెల్ట్ గుండా మాటిమాటికీ లాగితే నూలు పీచులేచి మెరుపు పోతుంది. అంచు చుట్టూ వేసే బ్లాంకెట్ స్టిచ్ లోతు 3 మి.మీ., కుట్టుకీ కుట్టుకీ మధ్య 3 మి.మీ. అంచును కుట్టేటప్పుడు లాగి బిగిస్తే ముక్క పువ్వులా అలలు పోతుంది, దారం అంచుకు ఆనిందంటే చాలు. కుట్టుపని మొత్తం, అంటే కళ్ళు, పూసలు, గీతలు, ముందు ముక్క మీద పూర్తిచేసి, ఆ తర్వాతే వెనక ముక్క జతచేయండి. అప్పుడు ముడులన్నీ లోపలే ఉండిపోతాయి.

జిప్పు పౌచ్ లోపలి పొరలు

పౌచ్‌లు కుట్టేవాళ్ళు ఎక్కువగా తప్పు ఎంచుకునేది ఇంటర్‌ఫేసింగ్‌లో. కాగితంలా ఉండే నాన్‌వోవెన్ రకం చవకగా దొరుకుతుంది, కొత్తగా ఉన్నప్పుడు చక్కగా నిలబడుతుంది, కానీ ఒకసారి నలిగితే ఆ మడత గీత పైగుడ్డ మీద శాశ్వతంగా కనిపిస్తుంది. నేసిన నూలు ఇంటర్‌ఫేసింగ్, ఉదాహరణకు పెలాన్ ఎస్‌ఎఫ్101 లేదా వ్లీజలైన్ జీ700, గుడ్డలో గుడ్డగా కలిసిపోతుంది. నలిగినా తేరుకుంటుంది. రోజూ వాడే పౌచ్‌కు దీన్ని పైగుడ్డకు అతికించి, దాని వెనక వ్లీజలైన్ హెచ్630 లాంటి ఫ్లీస్ (ఇస్త్రీతో అతికే మెత్తటి పొర) వేస్తే మెత్తగా, నిండుగా వస్తుంది. రెండూ కావాలా అంటే, కళ్ళజోడు, ఫోను పెట్టుకునేదానికి కావాలి. పెన్నుల పౌచ్‌కు మొదటిది ఒక్కటే చాలు.

ఫ్లీస్‌ను కుట్టు మార్జిన్‌లోకి రానివ్వకండి, నాలుగు వైపులా 1 సెం.మీ. తగ్గించి కత్తిరించండి. లేకపోతే జిప్పు చివర గుడ్డ, ఫ్లీస్, అస్తరు, జిప్పు పట్టీ అన్నీ ఒకేచోట చేరి సూది దిగదు, దిగినా మూల గడ్డలా ఉండిపోతుంది. అతికించేటప్పుడు తడి గుడ్డ కప్పి ఒక్కోచోట 15 సెకన్లు నొక్కి, కదపకుండా బల్లమీదే చల్లారనివ్వాలి. వేడిగా ఉండగా ఎత్తితే జిగురు గట్టిపడేలోపే పొర విడిపోయి బొబ్బలు లేస్తాయి.

జిప్పు ఎప్పుడూ పౌచ్ కన్నా 5 సెం.మీ. పొడవైనది తీసుకోండి. నైలాన్ కాయిల్ జిప్పైతే కుట్టాక కత్తెరతో కత్తిరించేయవచ్చు, అడ్డంగా నాలుగు కుట్లు వేస్తే అదే ఆపుతుంది. పొడవు ఎక్కువుంటే స్లైడర్‌ను పౌచ్ అంచు దాటించి పక్కకు పెట్టుకోవచ్చు, కుట్టు దాని దగ్గర వంకర తిరగదు. లోహపు జిప్పు అందంగా ఉన్నా, సూది పళ్ళకు తగిలితే విరుగుతుంది, కానుకల తొందరలో వద్దు. చుట్టూ కుట్టు వేసేముందు జిప్పు సగం తెరిచారో లేదో చూసుకోండి. మూసి ఉంచి కుట్టేస్తే పౌచ్‌ను తిరగేయడానికి దారి ఉండదు.

మెరిసేవి

కానుకలు నింపి వేలాడదీసే క్రిస్మస్ మేజోడును వెల్వెట్‌తో చేస్తే చూడగానే మనసు లాగుతుంది. అయితే రెండు వెల్వెట్ ముక్కలను ఎదురెదురుగా పెట్టి కుడితే నూగు నూగుకు ఆనుకుని, పై ముక్క ముందుకు పాకుతుంది. 45 సెం.మీ. పొడవున్న మేజోడులో చివరికి వేలెడు తేడా వచ్చేస్తుంది. గుండుసూదులు చాలవు, కుట్టు గీతకు ఇవతల కచ్చా కుట్టు వేసుకోవాలి, ప్రెజర్ ఫుట్ ఒత్తిడి తగ్గించాలి. రెండు ముక్కలకూ నూగు ఒకే దిక్కుకు ఉండాలి, లేదంటే ఒకటి ముదురుగా, ఒకటి లేతగా కనిపిస్తుంది. ఇస్త్రీ పెట్టెను పైన పెట్టకండి, వెనక నుంచి ఆవిరి చూపించి చేత్తో సరిచేయండి. ఇంత ఓపిక లేకపోతే కార్డురాయ్ లేదా ఉన్ని గుడ్డ ఎంచుకోండి, ఫలితం ఏమీ తక్కువ కాదు.

మేజోడుకు వంపుల దగ్గర మార్జిన్‌లో చిన్న గాట్లు పెట్టాలి. అస్తరును పైగుడ్డ కన్నా చుట్టూ 2, 3 మి.మీ. చిన్నదిగా కుట్టాలి, సమానంగా ఉంటే లోపల ముద్దగా కూర్చుంటుంది. మొత్తం బరువు మోసేది లూపే కాబట్టి 5 సెం.మీ. పట్టీని నాలుగు మడతలు చేసి, పక్క కుట్టులోకి దూర్చి మూడుసార్లు కుట్టండి. పై అంచుకు కృత్రిమ బొచ్చు పెడితే కత్తెరతో కాక బ్లేడుతో, వెనక జాలీని మాత్రమే కోయండి. కత్తెర బొచ్చును కూడా కోసేసి అంచు బోసిగా మిగుల్చుతుంది.

బంగారు, వెండి మెటాలిక్ దారం మిషన్‌లో తెగిపోతోందని చాలామంది ఫిర్యాదు. దారం స్వభావమే అంత: లోపల ఒక పోగు, దాని చుట్టూ సన్నటి రేకు. మామూలు సూది కన్నులో ఆ రేకు గీరుకుని చిట్లిపోతుంది. మెటాలిక్ సూది లేదా 90/14 టాప్‌స్టిచ్ సూది పెట్టండి, వాటి కన్ను పెద్దది. పై దారం బిగువు (టెన్షన్) తగ్గించి, వేగం సగానికి దించి, కింది దారం చుట్టే బాబిన్‌లో మాత్రం మామూలు పాలియెస్టర్ దారమే వాడండి. అలా చేసినా చిట్లుతుంటే ఆ దారాన్ని బాబిన్‌లో చుట్టి, గుడ్డను తిరగేసి వెనకవైపు నుంచి కుట్టండి. మిగతా అన్ని కుట్లకూ గూటర్‌మాన్ సో-ఆల్ లాంటి నూరుపాళ్ళ పాలియెస్టర్ దారం నమ్మకమైనది, వేడి తగిలే వస్తువులు తప్ప. పెట్టె అడుగున ఏళ్ళ తరబడి ఉన్న దారాన్ని రెండు చేతులతో లాగి చూడండి, పుటుక్కున తెగితే కచ్చా కుట్టుకు కూడా వద్దు. సూది మీద ఉండే అంకె దాని లావే: 80 అంటే 0.80 మి.మీ., 90 అంటే 0.90 మి.మీ. మిషన్ ఎనిమిది గంటలు నడిచాక సూది మార్చాలి. మెరుపు పొడి అంటించిన గుడ్డలు కుడితే అంతకన్నా ముందే మొద్దుబారుతుంది.

దూది, పిల్లల బొమ్మలు

బొమ్మల్లో నింపే పాలియెస్టర్ దూదికి బ్రాండ్ కన్నా నింపే తీరు ముఖ్యం. చిన్న చిన్న ఉండలుగా తోస్తే బయటికి గడ్డలు కనిపిస్తాయి. దూదిని వేళ్ళతో విడదీసి గాలి పోసి, కాళ్ళు, చెవుల కొసల్లోకి ముందు కొద్దిగా, నడిమిలోకి పెద్ద ముక్కగా పెట్టాలి. పొడవాటి ఫోర్సెప్స్ దీనికి మంచి సాధనం, పెన్సిల్ మొన గుడ్డను చీల్చేస్తుంది. నింపే సందును సన్నటి నిచ్చెన కుట్టుతో (రెండు అంచుల మడతల్లో మార్చి మార్చి వేసే, బయటికి కనిపించని చేతికుట్టు) మూయండి.

మూడేళ్ళ లోపు పిల్లలకు ఇచ్చే బొమ్మకు గుండీలు, పూసలు, ప్లాస్టిక్ కళ్ళు పెట్టవద్దు. ఎంత గట్టిగా కుట్టినా నమిలితే ఊడతాయి, గొంతుకు అడ్డం పడతాయి. కళ్ళు, ముక్కు దారంతోనే కుట్టండి. మెడకు పొడవాటి రిబ్బను కూడా వద్దు. ఇంట్లో కానుకగా ఇవ్వడం దాటి అమ్మే ఆలోచన ఉంటే, యూరప్‌లో ఈఎన్ 71, అమెరికాలో ఏఎస్‌టీఎం ఎఫ్963 అనే బొమ్మల భద్రతా ప్రమాణాలు ఉన్నాయి, అవి చదివాకే మొదలుపెట్టండి.

తయారు కిట్లు

బూసిల్లా మేజోడు కిట్లలో బొమ్మ అచ్చువేసిన ఫెల్ట్, దారాలు, తళుకులు, పూసలు, సూదులు అన్నీ ఒకే ప్యాకెట్‌లో వస్తాయి. ఫలితం నిజంగా ముచ్చటగా ఉంటుంది. అయితే పదుల కొద్దీ చిన్న ముక్కలు కత్తిరించి, తళుకు తర్వాత తళుకు కుట్టే పని ఇది, వారాలు పడుతుంది. డిసెంబరులో తెరవాల్సిన ప్యాకెట్ కాదు. తెరవగానే దారాలను పగటి వెలుతురులో రంగుల వారీగా విడదీసి అట్టకు చుట్టి పేర్లు రాసుకోండి. రెండు ఆకుపచ్చలు, రెండు ఎరుపులు రాత్రి దీపం కింద ఒక్కలాగే ఉంటాయి. ఒక్కరికి, ఎంతో దగ్గరివారికి ఇచ్చే కానుకైతే ఇది తీసుకోండి. పదిమందికి పంచాలంటే నూలు బ్యాటింగ్, లైట్ వెబ్, నేసిన ఇంటర్‌ఫేసింగ్ ఒక్కో మీటరు తెచ్చుకోవడం ఎంతో నయం.

మరో పని మిగిలింది, చాలామంది వదిలేసేది. ప్రతి కానుకకూ ఉతికే తీరు రాసిన చిన్న నూలు పట్టీ కుట్టండి. ఉన్ని ఫెల్ట్ బొమ్మకు నీళ్ళు వద్దు, తడి గుడ్డతో తుడవండి. అప్లిక్ ఏప్రాన్‌కు చల్లని నీళ్ళు, తిరగేసి ఇస్త్రీ. పాట్ హోల్డర్‌కు మిషన్ ఉతుకు, పూర్తిగా ఆరాకే వాడకం, ఇన్సుల్‌బ్రైట్ ఉంటే మైక్రోవేవ్ వద్దు. నూలు పట్టీ మీద ఉతికినా పోని గుడ్డ పెన్నుతో రాసి, ఆరాక వెనకనుంచి ఇస్త్రీ పెడితే అక్షరాలు నిలుస్తాయి.